ఆధారం ఒకటి కంటే తక్కువ, అయినా వక్రం పైకే పోతోంది: సంవర్గమాన ప్రమేయాల గ్రాఫులు చేత్తో గీయడంపై చర్చ

ఎంపీసీ మొదటి సంవత్సరం (కడప)

సభ్యులందరికీ నమస్కారం. నేను కడపలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ప్రమేయాల పాఠం మీద మాకు పెట్టిన స్లిప్ టెస్టులో ఈ ప్రశ్న వచ్చింది: వై = లాగ్₁/₂(6 − 2ఎక్స్) + 1 అనే ప్రమేయానికి ప్రదేశం (ఎక్స్ తీసుకోగల విలువలు), వ్యాప్తి (వై తీసుకోగల విలువలు) రాసి గ్రాఫు గీయండి.

ప్రదేశం విషయంలో నాకు అనుమానం లేదు. 6 − 2ఎక్స్ సున్న కంటే ఎక్కువ ఉండాలి కాబట్టి ఎక్స్ విలువ 3 కంటే తక్కువ. చిక్కంతా గ్రాఫు దగ్గరే వచ్చింది. ఆధారం 1/2 కాబట్టి ఇది అవరోహణ ప్రమేయమని, వక్రం ఎడమ నుంచి కుడికి దిగాలని మా బెంచీలో ముగ్గురు గట్టిగా వాదిస్తున్నారు. విలువలు ప్రతిక్షేపించి చూస్తే మాత్రం పైకి పోయే వక్రమే వస్తోంది. ఎవరి మాట సరైనదో, ఎందుకు సరైనదో దయచేసి వివరించగలరు. పరీక్షలో క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి, చేత్తోనే నమ్మకంగా గీయగలిగే పద్ధతి కూడా చెప్పగలరని మనవి.

హంద్రీ (కర్నూలు)

మీకు వచ్చిన వక్రమే సరైనది. నేను కర్నూలులో ఎంసెట్ రోజుల నుంచి ట్యూషన్ చెబుతున్నాను. ఇలాంటి ప్రశ్నకు పట్టికల జోలికి పోకుండా, తెలిసిన వక్రాన్ని జరుపుకుంటూ పోవడమే త్వరగా తేలే దారి అని నా అభిప్రాయం.

ముందుగా ఆధారాన్ని 2కు మార్చుకోండి. 1/2 ఆధారంగా ఒక సంఖ్య సంవర్గమానం ఎంతో, 2 ఆధారంగా దాని సంవర్గమానానికి రుణ గుర్తు పెడితే అంతే. కనుక మీ ప్రమేయం వై = 1 − లాగ్₂(6 − 2ఎక్స్) అవుతుంది. ఇప్పుడు 6 − 2ఎక్స్‌ను 2(3 − ఎక్స్)గా విడదీస్తే, లాగ్₂ 2 విలువ 1 కాబట్టి, ముందున్న 1తో అది కొట్టివేయబడి వై = −లాగ్₂(3 − ఎక్స్) మిగులుతుంది. చూడటానికి భయపెట్టిన ప్రశ్నలో అసలు సరుకు ఇంతే.

ఇక గీయడం. లాగ్₂ ఎక్స్ వక్రాన్ని వై-అక్షంలో ప్రతిబింబింపజేస్తే లాగ్₂(−ఎక్స్) వస్తుంది. దాన్ని 3 ప్రమాణాలు కుడికి జరిపితే లాగ్₂(3 − ఎక్స్) వస్తుంది. చివరగా ఎక్స్-అక్షంలో తలకిందులు చేస్తే మీ వక్రం సిద్ధం. ఇక్కడ చాలామంది 6 అనే అంకెను చూసి 6 ప్రమాణాలు జరుపుతారు. ఎక్స్ గుణకాన్ని బయటికి తీయకుండా ఎన్ని ప్రమాణాలు జరపాలో తేల్చకూడదు.

పెన్నా (కడప)

హంద్రీ గారు చెప్పిన దాంట్లో తప్పు లేదు గానీ, నేర్చుకునే దశలో ఉన్న పిల్లలకు ఆ దారి చూపించడం నాకు అంతగా రుచించదు. రెండు ప్రతిబింబాలు, ఒక జరపడం, వాటిలో ఏది ముందో ఏది వెనకో గుర్తుపెట్టుకోవడం అనే పనుల మధ్య వక్రం అసలు ఏం చేస్తోందో కంటికి కనిపించకుండా పోతుంది. కళాశాలలో చాలాకాలం గణితం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి, నా మాట కూడా వినమ్మా.

పట్టిక వేసేటప్పుడు మనవాళ్లు అలవాటుగా ఎక్స్‌కు 0, 1, 2 అని విలువలు ఇచ్చి వై కోసం వెతుకుతారు. ఎక్స్ సున్న అయితే లాగ్₂ 6 ఎంత అని అక్కడే ఆగిపోతారు. సంవర్గమాన ప్రమేయానికి ఆ పని తిరగేసి చేయాలి. వై విలువను ముందుగా నువ్వే ఎంచుకో, ఎక్స్ దానంతట అదే వస్తుంది. ఎందుకంటే సంవర్గమానం అనేది ఘాతానికి విలోమం, ఘాతాలను లెక్కకట్టడం నోటిలెక్క.

నీ ప్రశ్నలో వై − 1 = లాగ్₁/₂(6 − 2ఎక్స్) కాబట్టి, 6 − 2ఎక్స్ అంటే 1/2కు (వై − 1) ఘాతం. వై = 0 అయితే కుడివైపు 2 వస్తుంది, ఎక్స్ = 2. వై = 1 అయితే కుడివైపు 1, ఎక్స్ = 2.5. వై = 2 దగ్గర 2.75, వై = 3 దగ్గర 2.875. కిందికి దిగితే వై = −1 దగ్గర ఎక్స్ = 1, −2 దగ్గర −1, −3 దగ్గర −5. ఏడు బిందువులు వచ్చాయి, ఒక్క దశాంశ గుణకారం కూడా చేయలేదు. వై పెరిగేకొద్దీ ఎక్స్ కూడా 3 వైపుగా పెరుగుతోంది, అందులో ప్రతిసారీ మిగిలిన దూరం సగమవుతోంది. వక్రం ఎక్కుతోందా దిగుతోందా అన్న వాదనకు ఇక చోటెక్కడిది?

ఓర్వకల్లు (కర్నూలు)

ఆ ముగ్గురు స్నేహితుల పొరపాటు ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి. ఆధారం ఒకటి కంటే తక్కువైతే అవరోహణం అనే నియమం బ్రాకెట్టులో ఒట్టి ఎక్స్ ఉన్నప్పుడు మాత్రమే నేరుగా వర్తిస్తుంది. ఇక్కడ బ్రాకెట్టులో ఉన్న 6 − 2ఎక్స్ కూడా ఎక్స్ పెరిగేకొద్దీ తగ్గేదే. తగ్గే దాన్ని తీసుకుని తగ్గించే ప్రమేయంలో పెడితే ఫలితం పెరుగుతుంది. సంయుక్త ప్రమేయాల్లో రెండు అవరోహణాలు కలిస్తే ఆరోహణమే.

ఎంపీసీ మొదటి సంవత్సరం (కడప)

అందరికీ ధన్యవాదాలు. పెన్నా సార్ చెప్పినట్టు ఏడు బిందువులు పెట్టాను, వక్రం చక్కగా వచ్చింది. దాంతోపాటు రెండు సందేహాలు కూడా వచ్చాయి.

మొదటిది, అనంత స్పర్శరేఖకు, అంటే వక్రం దగ్గరవుతూ పోయినా తాకని గీతకు, ఎంత దగ్గరగా గీయాలి? ఎక్స్ = 3 అనే నిలువు గీతను వక్రం తాకినట్టు కనిపిస్తే మార్కులు తగ్గిస్తారని సీనియర్లు చెబుతున్నారు. రెండోది, మామూలు లాగ్₂ ఎక్స్ వక్రం కుడివైపు పోయేకొద్దీ బాగా చదునుగా అయిపోతోంది. అది ఎక్కడో ఒక అడ్డగీతకు దగ్గరై ఆగిపోతుందని అనుకోవచ్చా? ఒకవేళ ఆగకపోతే, ఆ సంగతి చిత్రంలో చూపించేది ఎలా?

పెన్నా (కడప)

రెండూ మంచి ప్రశ్నలే. లెక్కకు సులభంగా ఉండాలని లాగ్₂ ఎక్స్ మీదే చెబుతాను. రెండు అక్షాల మీదా ఒక ప్రమాణానికి ఒక సెంటీమీటరు తీసుకున్నామని అనుకో.

పెన్సిలు ఎంత సన్నగా చెక్కినా గీత మందం దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. వక్రం వై-అక్షానికి అర మిల్లీమీటరు దూరంలోకి వచ్చేది ఎక్స్ = 0.05 దగ్గర, అప్పుడు వై విలువ దాదాపు −4.3. అంటే అక్షానికి కింద నాలుగు సెంటీమీటర్లు దాటాక వక్రమూ అక్షమూ కాగితం మీద ఒకే గీతగా కలిసిపోతాయి, ఎంత నేర్పున్నవాడికైనా అవి విడిగా రావు. కాబట్టి −4 దగ్గర, అంటే అక్షానికి 0.6 మిల్లీమీటర్ల దూరంలో వక్రాన్ని ఆపి, కింది వైపు బాణం గుర్తు పెట్టు. అనంత స్పర్శరేఖను చుక్కల గీతగా వేసి, పక్కన దాని సమీకరణం రాయి. ఇక్కడ వై-అక్షమే అనంత స్పర్శరేఖ కాబట్టి ఎక్స్ = 0 అని రాస్తే చాలు. చివర్లో చేయి తిప్పి వక్రాన్ని బయటికి వంచకూడదు, అక్షం మీద వాలినట్టు గీయనూ కూడదు.

రెండో ప్రశ్నకు జవాబు, అది ఎక్కడా ఆగదు. ఈ ప్రమేయం వ్యాప్తి వాస్తవ సంఖ్యలన్నీ కదా, ఆ మాటకు అర్థం అదే. అయితే ఎక్కడం ఎంత నెమ్మదో తెలియాలంటే ఇదే కొలతలో లెక్క వేసి చూడు. వక్రం 10 సెంటీమీటర్ల ఎత్తు చేరాలంటే కాగితం 1024 సెంటీమీటర్లు, అంటే పది మీటర్లకు పైగా పొడవుండాలి. 20 సెంటీమీటర్ల ఎత్తుకు పదిన్నర కిలోమీటర్ల కాగితం కావాలి. 24 సెంటీమీటర్లకు దాదాపు 168 కిలోమీటర్లు, అంటే కర్నూలులో పరచడం మొదలుపెడితే అనంతపురం దాటి పోతుంది. ఇంత పొడవు తిరిగినా జానెడు ఎత్తుకు కాస్త పైన ఉంటుందే తప్ప ఎక్కడం మాత్రం మానదు. అందుకే కుడి చివర వక్రాన్ని పూర్తిగా అడ్డంగా గీయకూడదు, అక్కడ కూడా కొద్దిపాటి వాలు కనిపించాలి.

ఆ వాలు ఎంతో కూడా చెప్పవచ్చు. లాగ్₂ ఎక్స్ అవకలజం 1.4427ను ఎక్స్‌తో భాగించగా వచ్చేది. అవకలజాలు నీకు ఏడాది చివర్లో వస్తాయి, అంతవరకు ఈ అంకెను నమ్మి వాడుకో. ఎక్స్ = 1 దగ్గర వాలు దాదాపు 1.44, ఎక్స్ = 2 దగ్గర 0.72, ఎక్స్ = 4 దగ్గర 0.36. ఎక్స్ రెట్టింపైన ప్రతిసారీ వాలు సగమవుతుంది. బిందువుల దగ్గర చిన్న చిన్న స్పర్శరేఖలు ఈ వాలుతో ముందుగా లేతగా గీసుకుంటే, వాటిని ఒరుసుకుంటూ వక్రం సాఫీగా వస్తుంది. చాలామంది జవాబు పత్రాల్లో కనిపించేది (1/2, −1), (1, 0), (2, 1) బిందువులను స్కేలు పెట్టి కలిపిన విరుపుల గీత. మొదటి ముక్క వాలు 2, రెండో ముక్క వాలు 1, మధ్యలో (1, 0) దగ్గర మోకాలు. నిజమైన వక్రానికి అక్కడ మోకాలు ఉండదు.

బిందువులు ఇంకా కావాలంటే గుణమధ్యమం, అంటే రెండు సంఖ్యల లబ్ధానికి వర్గమూలం, వాడుకో. రెండు ఎక్స్ విలువల గుణమధ్యమం దగ్గర వై విలువ, ఆ రెండు వైల అంకమధ్యమం అవుతుంది. 1కీ 2కీ మధ్య గుణమధ్యమం 1.414, అక్కడ వై = 0.5. 2కీ 4కీ మధ్య 2.83, అక్కడ వై = 1.5. ఈ గుణమధ్యమాన్ని కంపాసుతోనే రాబట్టవచ్చు. 1 సెంటీమీటరు, 2 సెంటీమీటర్ల ముక్కలను పక్కపక్కన ఒకే సరళరేఖ మీద పెట్టి, మొత్తం 3 సెంటీమీటర్ల మీద అర్ధవృత్తం గీసి, రెండు ముక్కలు కలిసే చోట లంబం లేపితే, అర్ధవృత్తాన్ని తాకేవరకు ఆ లంబం పొడవు 1.414 సెంటీమీటర్లు వస్తుంది. 1624లో అచ్చయిన సంవర్గమాన పట్టికల కోసం ఇంగ్లండు గణితవేత్త హెన్రీ బ్రిగ్స్ చేసింది కూడా ఈ జాతి పనే. ఆయన 10కి వర్గమూలం, దానికి మళ్లీ వర్గమూలం అంటూ 54 సార్లు తీశాడు. మనకు రెండు సార్లు చాలు.

హంద్రీ (కర్నూలు)

పెన్నా గారి పట్టిక పద్ధతితో నాకు పేచీ లేదు. అయితే పోటీ పరీక్షలో ఒక్కో ప్రశ్నకు నిమిషం దాటి సమయం ఉండదు కాబట్టి, తెలిసిన వక్రాన్ని జరిపే పద్ధతి కూడా చేతిలో ఉండాలన్నదే నా వాదన. అక్కడ అడిగేది అందమైన గ్రాఫు కాదు, పరిష్కారాలు ఎన్ని అని మాత్రమే.

ఉదాహరణకు లాగ్₂ ఎక్స్ = ఎక్స్ − 2 అనే సమీకరణానికి ఎన్ని పరిష్కారాలు ఉన్నాయో చూడండి. ఎక్స్ = 4 పెడితే రెండు వైపులా 2 వస్తుంది కాబట్టి, చాలామంది ఒకటి అని గుర్తు పెట్టేసి ముందుకు పోతారు. కానీ అనంత స్పర్శరేఖ దగ్గర వక్రం అడుగుకు దిగిపోతుంది, సరళరేఖ మాత్రం −2 దగ్గరే వై-అక్షాన్ని దాటుతుంది. కాబట్టి అక్షానికి ఆనుకుని ఉన్న చోట రేఖ వక్రానికి పైన ఉంటుంది. ఎక్స్ = 1 దగ్గర వక్రం 0లో, రేఖ −1లో, అంటే వక్రం పైకి వచ్చేసింది. ఈ మధ్యలో ఎక్కడో రెండూ ఖండించుకుని తీరాలి. ఆ బిందువు దాదాపు ఎక్స్ = 0.31 దగ్గర ఉంది. వక్రం వంపు అంతటా ఒకే వైపుకు ఉంటుంది కాబట్టి సరళరేఖ దాన్ని రెండు కంటే ఎక్కువ చోట్ల ఖండించలేదు. జవాబు రెండు. వక్రాన్ని (1/2, −1) దగ్గరే ఆపేసి గీసినవారికి ఈ 0.31 కనబడదు.

కడప బండ (అనంతపురంలో ఇంజినీరింగ్ చదువు)

ఆధారం 2 అయితే కాగితం మీద బాగానే వస్తుంది గానీ, మాకు ఎక్కువగా తగిలేది 10 ఆధారమే. ఒక ప్రమాణానికి ఒక సెంటీమీటరు వేస్తే 1 నుంచి 10 వరకు తొమ్మిది సెంటీమీటర్లు నడిచి వక్రం ఒక్క సెంటీమీటరు ఎక్కుతుంది, అది వక్రమో సరళరేఖో కూడా తెలియదు. అందుకే వై-అక్షం మీద ఒక ప్రమాణానికి 5 సెంటీమీటర్లు తీసుకోవడం మంచిది. రెండు అక్షాలకూ ఒకే కొలత ఉండాలన్న నియమం ఎక్కడా లేదు, కొలతను కాగితం మూలలో రాస్తే చాలు.

విలువలకు లాగ్ టేబుల్స్ కూడా అక్కరలేదు. 2కు 0.3010, 3కు 0.4771 అన్న రెండు అంకెలు నోటికి వస్తే 4, 5, 6, 8, 9 విలువలు కూడికలతోనే వస్తాయి. 5 విలువ 1లోంచి 0.3010 తీసేస్తే 0.6990. మిగిలిందల్లా 7. ఏడేళ్లు 49 కదా, దాన్ని 50 అనుకుంటే, 1.6990లో సగం 0.8495. అసలు విలువ 0.8451. మనం తీసుకున్న కొలతలో ఈ తేడా పావు మిల్లీమీటరు కూడా రాదు, పెన్సిలు గీత మందంలో పోతుంది.

మట్టి రేణువుల పరిమాణం పరీక్షలో మాకు సెమీలాగ్ కాగితం, అంటే ఒక అక్షం లాగ్ కొలతలోనూ రెండోది మామూలు కొలతలోనూ ఉన్న కాగితం, ఇస్తారు. 4.75 మిల్లీమీటర్ల జల్లెడ నుంచి 0.075 మిల్లీమీటర్ల జల్లెడ వరకు ఒకే అక్షం మీద చూపించాలి. మామూలు గ్రాఫు కాగితం మీద మిల్లీమీటరు పరిమాణానికి ఒక సెంటీమీటరు వేస్తే చివరి జల్లెడ బిందువు అక్షానికి ముప్పావు మిల్లీమీటరు దూరంలో పడుతుంది, దాని చుట్టుపక్కల జల్లెడలన్నీ ఇరుక్కుపోతాయి. సెమీలాగ్ కాగితం దుకాణంలో దొరకకపోతే మనమే గీసుకోవచ్చు. 10 సెంటీమీటర్ల వెడల్పులో 2ను 3.01 దగ్గర, 3ను 4.77 దగ్గర, 5ను 6.99 దగ్గర వేసుకుంటూ పోవడమే. ఆ కాగితం మీద సున్న ఎక్కడ పెట్టాలని జూనియర్లు అడుగుతుంటారు. సున్నకు సంవర్గమానం లేదు కాబట్టి ఆ అక్షం మీద సున్నకు చోటు లేదు.

బోరుబావి (అనంతపురం)

కడప బండ తమ్ముడు సెమీలాగ్ ప్రస్తావన తెచ్చాడు కాబట్టి, మా పనిలో దాని వాడకం చెబుతాను. నేను భూగర్భ జలాల పనిలో ఉన్నాను. బోరు నుంచి ఒకే వేగంతో నీళ్లు తోడుతూ, నీటిమట్టం ఎంత దిగిందో మొదట నిమిషం నిమిషానికి, తర్వాత పది నిమిషాలకు, ఇంకా తర్వాత గంటకు ఒకసారి కొలుస్తాము. కాలాన్ని మామూలు అక్షం మీద వేస్తే మొదట గబగబా దిగి తర్వాత నెమ్మదించే వక్రం వస్తుంది, అది అచ్చంగా తలకిందులైన లాగ్ వక్రమే. కాలాన్ని లాగ్ అక్షం మీద వేస్తే అదే సరళరేఖ అవుతుంది. 1946లో కూపర్, జాకబ్ అనే ఇద్దరు ఈ పద్ధతిని ప్రకటించారు, దానికి ఆధారం 1935 నాటి థైస్ సూత్రం.

సరళరేఖ గీశాక 10వ నిమిషానికీ 100వ నిమిషానికీ మధ్య మట్టం ఎంత దిగిందో చదువుతాము. రోజుకు తోడిన నీటిని ఘనమీటర్లలో తీసుకుని, 0.183తో గుణించి, ఆ దిగుదలతో భాగిస్తే, నేల తన గుండా నీటిని ఎంతగా పోనిస్తుందో చెప్పే అంకె వస్తుంది. నిమిషానికి 100 లీటర్లు తోడామనుకుంటే రోజుకు 144 ఘనమీటర్లు. దిగుదల మీటరున్నర అయితే అంకె దాదాపు 17.6, అది రోజుకు చదరపు మీటర్లలో. ఆ 0.183 అంతా లాగ్ ఆధారాన్ని మార్చినందువల్ల వచ్చిన 2.3ను 12.57తో, అంటే 4πతో, భాగించగా వచ్చిందే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మొదటి కొన్ని నిమిషాల బిందువులు ఆ రేఖ మీద పడవు, ఎందుకంటే ఈ సూత్రం కాలం గడిచాక మాత్రమే సరిపోయే ఉజ్జాయింపు, పైగా బోరు గొట్టంలో నిలిచిన నీళ్లే ముందు బయటికి వస్తాయి. వాటిని కూడా కలపాలని రేఖను వంచకూడదు. మా జిల్లాలో రాయి గట్టిది, నీరు ఉండేది పైనున్న శిథిల పొరలోనూ రాతి పగుళ్లలోనూ. అందువల్ల కొంతసేపటికి రేఖ హఠాత్తుగా మరింత ఏటవాలుగా మారడం తరచూ చూస్తాము. ఒక వైపు నీరు పోనివ్వని రాయి అడ్డం తగిలితే వాలు దాదాపు రెట్టింపవుతుంది. కంప్యూటరు మొత్తం బిందువులకు కలిపి ఒకే సగటు రేఖ వేసి ఆ మలుపును మింగేస్తుంది, అందుకే నేను ఇప్పటికీ ముందు చేత్తో గీసి చూసుకుంటాను.

ఎంపీసీ మొదటి సంవత్సరం (కడప)

ఇవన్నీ చదివాక పాఠంలోని మరో లెక్కను గీయడానికి ప్రయత్నిస్తున్నాను. వై = లాగ్₁₀(ఎక్స్² − 4ఎక్స్ + 3). దీని ప్రదేశం 1 కంటే తక్కువ, లేదా 3 కంటే ఎక్కువ అని తెలుసు. బ్రాకెట్టును (ఎక్స్ − 1)(ఎక్స్ − 3)గా విడదీసి రెండు లాగ్‌ల మొత్తంగా రాసి, రెండు వక్రాలను కూడితే సరిపోతుందా?

ఓర్వకల్లు (కర్నూలు)

అలా విడదీస్తే సగం గ్రాఫు పోతుంది. లాగ్(ఎక్స్ − 1), లాగ్(ఎక్స్ − 3) రెండూ ఉండాలంటే ఎక్స్ 3 కంటే ఎక్కువే కావాలి. ఎక్స్ = 0 దగ్గర బ్రాకెట్టు విలువ 3, దానికి సంవర్గమానం 0.4771 హాయిగా ఉంది. విడదీశాక మాత్రం −1కీ −3కీ సంవర్గమానాలు అడగాల్సి వస్తుంది. లాగ్ ఎక్స్²ను 2 లాగ్ ఎక్స్ అని రాసేసినప్పుడు ఎడమ కొమ్మ మాయమయ్యేది కూడా ఈ కారణంతోనే.

పెన్నా గారి పద్ధతే ఇక్కడా పట్టుకోండి. ఎక్స్² − 4ఎక్స్ + 3 అంటే (ఎక్స్ − 2)² − 1. కాబట్టి (ఎక్స్ − 2)² = 10^వై + 1. వై = −1 అయితే 1.1కి వర్గమూలం 1.049, ఎక్స్ విలువలు 3.049, 0.951. వై = 0 అయితే వర్గమూలం 1.414, విలువలు 3.414, 0.586. వై = 1 దగ్గర 5.317, −1.317. వై = 2 దగ్గర 12.05, −8.05. ప్రతి వైకి ఎక్స్ = 2కు రెండు వైపులా సమాన దూరంలో ఒక్కో బిందువు వస్తుంది, కనుక ఒక కొమ్మ గీశాక రెండో కొమ్మ దానికి ప్రతిబింబమే. ఎక్స్ = 1, ఎక్స్ = 3 దగ్గర రెండు చుక్కల గీతలు వేసి, కుడి కొమ్మ 3 దగ్గర, ఎడమ కొమ్మ 1 దగ్గర కిందికి దిగేలా గీయండి. ఆ రెండు గీతల మధ్య ఉన్న 2 ప్రమాణాల వెడల్పులో పెన్సిలు ఆనకూడదు.